బఫరింగ్ చక్రానికో హారతి

అయ్యలారా, అమ్మలారా! ఈ బెంగళూరు నగరంలో సంసారాలు ఇంకా నిలబడి ఉన్నాయంటే దానికి కారణం పెద్దల ఆశీర్వాదం కాదు, వేళకు వచ్చే నీళ్ళ ట్యాంకరూ కాదు. బఫరింగ్! కంప్యూటర్లో వీడియో చూస్తుంటే మధ్యలో బొమ్మ బిగుసుకుపోయి, ఓ చిన్న చక్రం గిరగిరా తిరుగుతుందే, అదే.

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను. ఊరంతా ఆ చక్రాన్ని నోటికొచ్చినట్టు తిడుతోంది. దాని తరఫున వకాల్తా పుచ్చుకునే దిక్కు లేదు. అందుకే ఈ వారం నేను కలం పట్టాల్సి వచ్చింది.

మా ఎదురింటి గోపాలప్పగారినే తీసుకోండి. ఫ్యాక్టరీలో రిటైరయ్యాక ఇంటర్నెట్‌లో యోగా నేర్చుకోవడం మొదలెట్టారు. గురువుగారు ఒంటికాలి మీద నిలబడి, చేతులు పైకెత్తి, "ఇప్పుడు నెమ్మదిగా" అన్నారు. చక్రం తిరిగింది. గోపాలప్పగారు క్రమశిక్షణ గల మనిషి. గురువుగారు కాలు దించకుండా తాను దించుతారా? వాళ్ళావిడ అంట్లన్నీ తోమి, ముగ్గు వేసి వచ్చేదాకా అలాగే నిలబడ్డారు. ఇప్పుడు మారతహళ్ళి బస్సులో రెండో కాలు మోపడానికి చోటు లేకపోయినా ఆయనకు చింత లేదు. ఇంత సాధన ఆగకుండా నడిచే వీడియోతో అయ్యేదేనా?

భుజంగరావుగారని మా వీధి చివర ఇంకో పెద్దమనిషి ఉన్నారు. ఆయనకు ఆధ్యాత్మికం. ఒక స్వామీజీ ప్రవచనంలో "మనశ్శాంతికి ఒకే ఒక్క మార్గం ఉంది నాయనా, అదేమిటంటే" అన్న చోట చక్రం పడింది. పడింది పడినట్టే ఉంది. ఆ మార్గం తెలిసి ఉంటే ఆయన దాన్ని పాటించాల్సి వచ్చేది. తెలియలేదు కాబట్టి సాయంత్రం పూట బజ్జీలు తింటూ హాయిగా ఉన్నారు.

వీళ్ళ సంగతి అలా ఉంచండి. ఈ చక్రం మా ఇంటికి చేసిన మేలు చెబుతాను, వినండి.

మా ఇంట్లో నలుగురం. నేను, నా భార్య మునిలక్ష్మి, ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి మేఘన, మా అత్తగారు సొన్నమ్మ. అత్తగారి పుట్టిల్లు ఆనేకల్. అక్కడ ఆవిడ తమ్ముడు నరసింహప్ప ఇప్పటికీ మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. అక్కాతమ్ముళ్ళకు పదేళ్ళుగా మాటల్లేవు.

ఆస్తి తగాదా కాదు. ఆగకపోవడం గురించిన తగాదా.

తొంభై ఎనిమిదిలో నరసింహప్ప కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం నాడు కలశం పట్టుకుని అందరికంటే ముందు గడప దాటాల్సింది ఇంటి ఆడపడుచు. అది సొన్నమ్మగారి హక్కు. ఆవిడ తెల్లారగానే బయలుదేరింది. సిల్క్ బోర్డు దగ్గర బస్సు చెడిపోయింది. ఇంకో బస్సు రాదు, ఆటోవాడు అంత దూరం రానంటాడు. ఆవిడ ఎస్టీడీ బూత్‌లోంచి తమ్ముడి పక్కింటికి ఫోన్ చేసి, "నా కోసం ఆగొద్దండప్పా, మీరు కానీండి" అని చెప్పింది.

వాళ్ళు కానిచ్చేశారు!

తెలుగువాళ్ళకు ఇందులోని ఘోరం విడమరిచి చెప్పాలా? మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "నా కోసం ఆగొద్దు" అన్నారంటే ఆగి తీరాలని. "నాకు ఆకలి లేదు" అన్నారంటే మళ్ళీ ఒకసారి అడగాలని. "నేనెందుకులే, మీరు వెళ్ళిరండి" అన్నారంటే ఆటోలో కొంచెం జరిగి కూర్చోవాలని. ఈ మాత్రం తెలియని తమ్ముడు, ముహూర్తం దాటిపోతోందని భార్య చెల్లెలి చేత కలశం పట్టించి లోపలికి నడిచేశాడు. సొన్నమ్మగారు చేరేసరికి విస్తళ్ళు వేస్తున్నారు. ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెనక్కి తిరిగింది. అంతే, అప్పటి నుంచి మా ఇంట్లో ఆనేకల్ పేరెత్తితే కాఫీలో చక్కెర తగ్గుతుంది.

ఇక ఈ 2008లో జరిగింది చూడండి. ఎవరో డిజైన్ కాలేజీ పిల్లలు ఆనేకల్ పోయి, నేతగాళ్ళ మీద వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. మేఘన స్నేహితురాలు ఆ లింకు పంపింది. మేఘన పరుగెత్తుకొచ్చి, "అమ్మమ్మా, మీ తమ్ముడు కంప్యూటర్లో ఉన్నాడు" అంది.

"వాడు యాడుంటే నాకేమి" అంది అత్తగారు. అంటూనే కుర్చీ కంప్యూటర్ దగ్గరికి లాక్కుంది.

నరసింహప్ప కనిపించాడు. జుట్టు పలచబడింది, మెడలో అదే ఎర్ర తువ్వాలు. వీడియో తీసే అమ్మాయి, "నేత ఎవరు నేర్పించారు తాతా?" అని అడిగింది. ఆయన మగ్గం ఆపి కొంచెం ఆలోచించాడు.

"నేర్పిచ్చింది మా నాయినే తల్లీ. అయితే మా అక్క సొన్నమ్మ ఉండాదే..."

చక్రం!

నరసింహప్ప నోరు సగం తెరిచి, కుడిచెయ్యి పైకెత్తి, అలాగే ఉండిపోయాడు. మేమంతా ఆయన నోట్లోకి చూస్తూ నిలబడ్డాం.

"తిట్టేదానికే చెయ్యెత్తినాడు" అంది అత్తగారు.

"మామ మాట్లాడేటప్పుడు చెయ్యి ఎప్పుడూ అట్లనే ఎత్తుతాడు కదమ్మా" అంది మునిలక్ష్మి.

"నాకు తెలీదా వాని చెయ్యి? ఎత్తుకోని పెంచింది నేను."

ఇక మొదలైంది చూడండి! చక్రం తిరుగుతున్నంతసేపూ అత్తగారు చెబుతూనే ఉంది. చిన్నప్పుడు నరసింహప్ప మగ్గం గుంటలో పడి, తీసేవాళ్ళు లేక అందులోనే నిద్రపోయిన సంగతి. నూలుకు పట్టించే గంజి తాగేసి వాళ్ళ నాయన చేత తన్నులు తిన్న సంగతి. పదేళ్ళుగా ఆనేకల్ అనే మాట లేని మా ఇంట్లో ఆ సాయంత్రం ఆనేకల్ తప్ప ఇంకో మాట లేదు. నేను ఈ ఇంటికి అల్లుడినై ఇరవై ఏళ్ళు దాటింది. ఇందులో ఒక్క ముక్క కూడా నాకు తెలియదు. ఈ మేలు ఎవరిది? చక్రానిది కాదా?

మర్నాడూ అంతే. "మా అక్క సొన్నమ్మ ఉండాదే" దాకా వచ్చి ఆగడం, నలుగురం చేరడం, తలా ఒక ఊహ చెప్పడం. గోపాలప్పగారు కూడా వచ్చి రెండు కాళ్ళ మీద నిలబడి చూసి, "ఆయమ్మకు కోపం జాస్తి అనుంటాడప్పా" అన్నారు. అత్తగారు ఆయనకు ఆ రోజు కాఫీ ఇవ్వలేదు.

మేఘన కాలేజీలో చూసి వచ్చి చెప్పొచ్చు కదా అంటారేమో. కాలేజీవాళ్ళు వీడియోలు రాకుండా కట్టేశారు. సైబర్ కేఫ్ రెండో అంతస్తులో ఉంది, అత్తగారి మోకాళ్ళు ఒప్పుకోవు. పోనీ మేఘన ఒక్కతే వెళ్ళి విని వస్తానంటే, "వాడు నన్నేమన్నాడో ఊరికంతా తెలిసినాక నాకు తెలియల్లనా?" అని అడ్డం పడింది. పాజ్ చేసి పెడితే నెమ్మదిగా నిండుతుందని మేఘన ఉపాయం చెప్పింది. పెట్టాం. సగం నిండాక కనెక్షన్ తెగి, నరసింహప్ప మళ్ళీ మొదటికి, జుట్టు సర్దుకోవడం దగ్గరికి వచ్చాడు.

అప్పుడు మా గుమ్మంలోకి మహేశ్ వచ్చాడు. కర్నూలు కుర్రవాడు, మా ఫోన్ కంపెనీ తరఫున ఏజెంటు. "సార్, ఇంటర్నెట్ టీవీ వచ్చింది సార్. మీ ఫోన్ లైన్‌లోనే. కేబుల్ అక్కర్లే, డాబా మీద గొడుగు అక్కర్లే. పిక్చర్ అస్సలు స్ట్రక్ కాదు సార్" అన్నాడు.

ఇంటర్నెట్ టీవీ! నరసింహప్ప ఉన్నది ఇంటర్నెట్‌లో. ఇది ఇంటర్నెట్ టీవీ. ఇంకేం కావాలి? వెంటనే పెట్టించాం. మహేశ్ డబ్బా బిగించి, టీవీ ఆన్ చేసి, రిమోట్ రెండు చేతులతో అత్తగారికి అందించాడు. ఆవిడ కొంగు సర్దుకుని, "ఊ, మా నరసింహప్పను పెట్టప్పా" అంది.

మహేశ్ బిత్తరపోయాడు. "ఏ చానెల్ అవ్వా?"

"చానెల్ కాదప్పా. మా తమ్ముడు. ఆనేకల్."

అప్పుడు తెలిసింది మాకు, మహేశ్ అమ్మిన ఇంటర్నెట్ టీవీ, అంటే ఐపీటీవీ, వేరు, ఆన్‌లైన్ వీడియో వేరు అని. మీకూ తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. రెండూ ఒకే తీగలో వస్తాయి. కానీ టీవీ కంపెనీవారి సొంత సరుకు. వాళ్ళు ఏరి పెట్టిన చానెళ్ళు, వాళ్ళు కొని పెట్టిన సినిమాలు, వాళ్ళ డబ్బాలోంచే రావాలి, మన టీవీకే పోవాలి. ఆన్‌లైన్ వీడియో అలా కాదు. ఎవరు పడితే వాళ్ళు పెట్టొచ్చు, ఎవరు పడితే వాళ్ళు చూడొచ్చు. నరసింహప్పకైనా చోటుంది. కాకపోతే అది మన ఇంటిదాకా వస్తుందన్న పూచీ ఎవరిదీ కాదు.

మహేశ్ ఇదంతా చెప్పాక అత్తగారు ఓపిగ్గా విని, "అట్లయితే మా వాణ్ణి కూడా పెట్టమని మీ కంపెనీకి చెప్పు. మంచోడే" అంది.

చెబుతానన్నాడు పాపం. చెప్పే ఉంటాడు కూడా.

డబ్బా ఎంత చక్కగా పనిచేసిందనుకున్నారు! బొమ్మ అద్దంలా ఉంది. సీరియల్లో కోడలి కన్నీటి బొట్టు ఎక్కడా ఆగకుండా గడ్డం దాకా జారింది. మునిలక్ష్మి సీరియల్, నా వార్తలు, గోపాలప్పగారి క్రికెట్, అన్నీ దేనికదే నీళ్ళలా నడిచాయి. ఇంట్లో టీవీ ఆగడమన్నది మానేసింది.

ఆగింది నరసింహప్ప. ఇదివరకు "మా అక్క సొన్నమ్మ ఉండాదే" దాకానైనా వచ్చేవాడు. ఇప్పుడు "నేర్పిచ్చింది" దగ్గరే నిలిచిపోతున్నాడు!

మళ్ళీ మహేశ్‌ను పిలిచాం. అతను తల గోక్కుని అసలు సంగతి చెప్పాడు. "టీవీకి ఫస్ట్ ప్రయారిటీ సార్. అది కట్ కాకూడదు కదా. లైన్‌లో దానికి కావాల్సింది అది తీసుకున్నాకనే, మిగిలింది కంప్యూటర్‌కు పోతాది. మీరు ఆ టైంలో టీవీ ఆఫ్ చేసుకోండి సార్, వీడియో రయ్యిమని వస్తాది."

నాకు వెంటనే అర్థమైంది. మంత్రిగారి కాన్వాయ్ వస్తోందంటే రింగ్ రోడ్డు మీద మనందర్నీ ఆపేయరూ? అదే. మా ఇంటి తీగలో సీరియల్ కోడలు కాన్వాయ్‌లో పోతోంది. మా ఆవిడ మేనమామ ఆటోలో ఇంజన్ ఆపుకుని కూర్చున్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఈ డబ్బాలో దాటిపోయిన కార్యక్రమాన్ని తర్వాత వెనక్కి తిప్పి చూసుకోవచ్చట. అంటే టీవీ కాసేపు కట్టేసినా ఎవరికీ నష్టం లేదు. డబ్బా ఎవరి కోసమైనా ఆగడానికి సిద్ధంగానే ఉందన్నమాట.

మరింకేం, ఆపేస్తే పోయె అంటారు. మేమూ అదే అనుకున్నాం. "అమ్మా, టీవీ ఆపేస్తాము, నువ్వు మామను చూసుకో" అంది మునిలక్ష్మి.

"నా కోసం ఆపొద్దు. మీరు చూసుకోండి" అంది అత్తగారు.

మేం చూసుకున్నాం!

మర్నాడు అడిగాం. "సుమ్నే, ఊరికే నా కోసం ఎందుకు? ఆపొద్దు" అంది. సరే, ఆవిడే వద్దంటోంది కదా. ఆ మర్నాడు ఫైనల్ మ్యాచ్, అడగనే లేదు. అత్తగారు మాత్రం రోజూ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, మేఘన చూపించిన చోట మీట నొక్కి, చక్రాన్ని చూస్తూ ఉండేది. ఆవిడ చుట్టూ చేరేవాళ్ళం ఇప్పుడు హాల్లో ఉన్నాం. ఆగని బొమ్మను వదిలేసి ఆగిన బొమ్మ దగ్గరికి ఎవరొస్తారు చెప్పండి? ఆవిడ మధ్యమధ్య "వాడు గంజి తాగినప్పుడు" అని ఏదో అంటుండేది. "ఒక్క నిమిషం అమ్మా, బ్రేక్ రానీ" అనేది మునిలక్ష్మి.

పదేళ్ళ కింద నరసింహప్ప ఒక్కసారి చేసిన పని మేం రోజూ చేస్తున్నామని మాకు తోచనే లేదు. ఎలా తోస్తుంది? సీరియల్ ఆగితే కదా!

చివరికి మమ్మల్ని ఆదుకున్నది కరెంటు ఆఫీసు. వాళ్ళ మీద కూడా ఒక హారతి బాకీ ఉన్నాను. ఒక సాయంత్రం, కోడలు అత్త కాళ్ళ మీద పడబోతుండగా, ఫట్టున కరెంటు పోయింది. హాల్లో టీవీ, డబ్బా చచ్చూరుకున్నాయి. కానీ మేఘన కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ యూపీఎస్ ఉంది. అది కుయ్యి కుయ్యిమంటూ వాటిని బతికించింది. ఇక ఆ తీగలో కాన్వాయ్ లేదు, రోడ్డంతా ఖాళీ!

"నేర్పిచ్చింది మా నాయినే తల్లీ. అయితే మా అక్క సొన్నమ్మ ఉండాదే" అన్న గొంతు చీకట్లో మా అందరికీ వినబడింది. అది ఆగలేదు. మేం ఒకరినొకరు గుద్దుకుంటూ ఆ గదిలోకి పరుగెత్తాం.

"ఆయమ్మ పక్కన కూచోని పాట పాడతా ఉంటే నేను నేస్తా ఉంటిని. పాటకే కాలు ఆడతా ఉండె. ఆయమ్మ పాట ఆపితే మగ్గం ఆగతా ఉండె. అట్లాంటిది, ఇంట్లోకి చేరే దినము ఆయమ్మ కోసం రవ్వంతసేపు ఆగలేకపోతిని. ఆగొద్దనె, ఆగకుండా పోతిని. ఇప్పుడు దినామూ మగ్గం ఆపుకోని చూస్తా ఉండానమ్మా. రాదు."

తర్వాత ఆయన కాలు కదిపాడు, మగ్గం చప్పుడు మొదలైంది, వీడియో అయిపోయింది. మా అత్తగారు పాడేవారని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. ఆవిడ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. మునిలక్ష్మి ఏడ్చేసింది.

"ఆనేకల్ బస్సు పొద్దున ఎన్నింటికి ఉండాది?" అంది అత్తగారు. వెంటనే, "నా కోసం మీరెవురూ రావద్దు. నేను పోతాను" అంది.

ఈసారి మాకు అర్థమైంది. నలుగురం వెళ్ళాం.

నరసింహప్ప మగ్గం మీదే ఉన్నాడు. గుమ్మంలో అక్కను చూసి చేతిలోని పోగు నడిపే నాడె కింద పెట్టాడు. గుంటలోంచి లేవబోయి, లేవలేక, మళ్ళీ కూర్చున్నాడు.

"ఏమక్కా, ఇంత ఆలస్యము?" అన్నాడు.

"సిల్క్ బోర్డు తావ బస్సు నిలిచిపాయె" అంది అత్తగారు. పోయి ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది.

ఆవిడ ఇప్పటికీ అక్కడే ఉంది. ఫోన్ చేస్తే, ఆవిడ ఎత్తగానే వెనక మగ్గం చప్పుడు ఆగిపోతుంది. "పని ఉండాదప్పా, ఆమేలె, పనైనాక మాట్లాడతాను" అని పెట్టేస్తుంది. నేను మాట్లాడుతున్నంతసేపూ మగ్గం ఆగి ఉంటుంది కదా, ఆవిడ తొందర ఆవిడది.

కాబట్టి పాఠకులారా, ఆగే వీడియో గొప్పదా, ఆగని టీవీ గొప్పదా అన్నది మీరే తేల్చుకోండి. మా ఇంట్లో ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కంప్యూటర్ వీడియో అడిగేవాళ్ళు లేరు. టీవీ పొద్దున్నుంచీ రాత్రి దాకా అద్దంలా నడుస్తుంది. మేఘన చెవుల్లో తీగలు పెట్టుకుని తిరుగుతుంది. మేం ముగ్గురం రోజుకు ఎన్ని మాటలు మాట్లాడుకుంటున్నామో చెబితే మీరు నమ్మరు. "ఉప్పు", "తలుపు", "రిమోట్". 

మొన్న ఆదివారం సాయంత్రం నాకెందుకో తోచలేదు. వెళ్ళి కంప్యూటర్ ముందు, అత్తగారి కుర్చీలో కూర్చుని ఆ వీడియో పెట్టాను. హాల్లో టీవీ నడుస్తోంది కాబట్టి, అనుకున్నట్టే, నరసింహప్ప నోరు సగం తెరిచి ఆగిపోయాడు. చక్రం తిరగడం మొదలెట్టింది. ఎవరైనా వస్తారేమోనని చూశాను. కొంచెం దగ్గాను. "ఏమంటాడో ఏమో" అని పైకే అన్నాను. చక్రం తిరుగుతూనే ఉంది.

ఇక లాభం లేదని హాల్లోకి వినబడేలా అన్నాను, "నా కోసం టీవీ ఆపొద్దులే."

"సరే" అంది మునిలక్ష్మి.